నన్నారి సిరప్ నిలవ ఉండట్లేదు, ఏ పాకంలో దించాలి?

మాది కడప. షర్బత్ కోసం ఇంట్లోనే నన్నారి సిరప్ చేస్తున్నా. 100 గ్రాముల వేర్లు కడిగి, దంచి, మధ్యలో కట్టె తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మరిగించి వడగట్టి 750 గ్రాముల చక్కెర వేశా. వాసన భలే వచ్చింది గానీ 12వ రోజు మూత తీస్తే బుస్సుమని గ్యాస్, పైన తెల్లటి నురగ, పుల్లటి వాసన. రెండోసారి సీసాలు మరిగే నీళ్లలో ఉంచి, ఎండలో బాగా ఆరబెట్టి పోసినా అంతే. మూడోసారి కిలోన్నర చక్కెరతో తీగపాకం దాకా కాచా. పులవలేదు, కానీ వారానికే అడుగున కలకండలా గడ్డకట్టింది, అసలు మాకు కావాల్సిన ఆ వేరు వాసనే పోయింది. పిల్లలు తాగేది, ప్రిజర్వేటివ్ వేయడం ఇష్టం లేదు. లీటరు కషాయానికి ఎంత చక్కెర వేసి, ఏ పాకంలో దించితే ఫ్రిజ్ లేకుండా రెండు నెలలు నిలవ ఉంటుంది?