పెరోవ్‌స్కైట్‌తో హైడ్రోజన్: పోటీ ఇరీడియంతోనా, నికెల్‌తోనా?

తార్నాక_కొలిమి:
బేరియం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక అమరిక ఉన్న) ఆక్సైడ్ బీఎస్‌సీఎఫ్. క్షారంలో కరెంటుతో నీటి నుంచి ఆక్సిజన్ విడగొట్టడంలో అది ఇరీడియం ఆక్సైడ్ కంటే కనీసం పది రెట్లు చురుకని 2011లోనే చూపించారు. హైడ్రోజన్ తయారీలో ఎక్కువ వోల్టేజీ వృథా అయ్యేది ఆ ఆక్సిజన్ వైపే. అయినా ప్లాంట్లలో ఇంకా నికెల్ జాలీయేనా? బద్ధకం కాకపోతే ఏంటి?

నికెల్_జాలి:
బద్ధకం కాదండి, పోలికలోనే తిరకాసుంది. ఇరీడియం కావలసింది ఆమ్లపు పొర వాడే పెమ్ యంత్రాలకు. క్షారంలో అసలు పోటీ నికెల్-ఐరన్ హైడ్రాక్సైడ్, అదేమో చవక. పైగా ల్యాబ్ లెక్కలు పలచటి 0.1 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) క్షారంలో, గది వేడిలో, చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపుల దగ్గర. ప్లాంటులో 30 శాతం కేఓహెచ్, 80 డిగ్రీలు, 200-400 మిల్లీయాంపులు. బీఎస్‌సీఎఫ్‌లో బేరియం, స్ట్రాన్షియం కరిగిపోయి, పైపొర స్ఫటిక క్రమం చెడుతుంది. ఇక పనిచేసేది పెరోవ్‌స్కైటేనని ఎలా అంటాం?

తార్నాక_కొలిమి:
అయితే లాంథనం, నికెల్ ఉన్న పెరోవ్‌స్కైట్, లాంథనం నికెలేట్ తీసుకోండి. బేరియం బెడద లేదు, కరెంటు లోహంలా పారుతుంది.

తూకం_రాయి:
దాంట్లో తప్పు త్రాసు దగ్గరే మొదలవుతుంది. మన జూలై తేమకి, మూత సరిగా లేని సీసాలో దాని ముడిసరుకైన లాంథనం ఆక్సైడ్ మెల్లగా హైడ్రాక్సైడ్ అయిపోతుంది. 100 గ్రాములు పూర్తిగా మారితే దాదాపు 117 తూగుతుంది. లేబుల్ నమ్మి తూస్తే లాంథనం తక్కువ పడి, మిగిలిన నికెల్ ఆక్సైడుగా పక్కన చేరుతుంది. ఎక్స్‌రే స్ఫటిక పరీక్షలో 43.3 డిగ్రీల కోణం దగ్గర దాని గుర్తు చిన్న బుడిపె, మరీ కొంచెమే ఉంటే అదీ కనబడదు. మామూలు కేఓహెచ్‌లోని ఇనుము ఆనవాళ్లను ఆ నికెల్ పట్టేసుకుంటుంది. చురుకు దానిది, పేరు పెరోవ్‌స్కైట్‌ది!

అందుకే లాంథనం ఆక్సైడును 900 డిగ్రీల్లో కొన్ని గంటలు కాల్చి, తేమ చేరనివ్వని డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూయండి. లోహ లవణాలను సిట్రిక్ ఆమ్లంతో జెల్‌గా మార్చి కాల్చే సిట్రేట్ జెల్ పద్ధతైతే ఆక్సిజన్ పారిస్తూ 700-750 డిగ్రీలు చాలు. 1000 దాటించారా, నికెలేట్ విడిపోతుంది. కేఓహెచ్‌ను తాజాగా అవక్షేపించిన శుద్ధమైన నికెల్ హైడ్రాక్సైడుతో కలిపి కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి వేరు చేస్తే ఇనుము పోతుంది. పరీక్ష అందులో చేయండి.

తార్నాక_కొలిమి:
సరే, ఇరీడియం పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇనుము లేని కేఓహెచ్‌లో మీ నికెల్ కూడా చతికిలబడుతుంది కదా. రెండింటినీ ఒకే సీసా క్షారంలో, అదే 80 డిగ్రీల్లో, పక్కపక్కన పెట్టండి.

నికెల్_జాలి:
న్యాయమే. గాజు బీకరులో మాత్రం వద్దు, వేడి క్షారం గాజును తినేస్తుంది. టెఫ్లాన్ సెల్ వాడండి.