ఊళ్లో ఓటు ఉంచుకోవాలా, హైదరాబాదుకు మార్చుకోవాలా?

ప్రశ్న

నమస్కారం. మా సొంతూరు ప్రకాశం జిల్లాలో ఉంది. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా కుటుంబంతో కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాము. పిల్లల చదువులు కూడా ఇక్కడే, ఓటు మాత్రం ఊళ్లోనే. ఊళ్లో పొలమూ, నాన్నగారు కట్టించిన ఇల్లూ ఉన్నాయి కనుక ఓటు అక్కడే ఉంచుకోవచ్చని బంధువులు అంటున్నారు. ఓటు తీసేయిస్తే పొలం కాగితాలకు ఏదైనా ఇబ్బంది వస్తుందేమోనని అమ్మ భయపడుతున్నారు. రెండు చోట్లా ఉంచుకుంటే తప్పేమిటని కాలనీలో కొందరి మాట. చట్టం ఏమంటుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ఉపాధ్యాయుడిగా పనిచేసిన రోజుల్లో బూత్ స్థాయి అధికారి బాధ్యత కూడా చూశాను కనుక చెబుతున్నాను. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పౌరులైనవారు 18 ఏళ్లు నిండి, ఏ నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తున్నారో అక్కడే ఓటరుగా నమోదు కావాలి. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసిగా పరిగణించరాదని అదే చట్టం 20వ సెక్షను చెబుతోంది. కాబట్టి మీ బంధువుల వాదన నిలవదు. రెండు చోట్ల పేరుండటాన్ని 17వ సెక్షను నిషేధించింది. ఓటర్ల జాబితా విషయంలో తెలిసి తప్పుడు ప్రకటన ఇచ్చినవారికి 31వ సెక్షను కింద ఏడాది వరకు జైలు శిక్ష గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2023 నవంబరులో తెలంగాణ శాసనసభకూ, 2024 మేలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ పోలింగ్ వేర్వేరు రోజుల్లో జరిగింది కదా అని రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం ముమ్మాటికీ చట్టవిరుద్ధమే.

అమ్మగారికి ధైర్యం చెప్పండి. పట్టాదారు పాసు పుస్తకానికీ ఓటర్ల జాబితాకూ ఏ సంబంధమూ లేదు. అయితే ఓటు మార్చుకుంటే ఊరి పంచాయతీ ఎన్నికల్లో ఓటు వేసే, పోటీ చేసే హక్కు ఉండదు. గ్రామసభ సభ్యత్వమూ పోతుంది, ఎందుకంటే రాజ్యాంగం 243వ అధికరణం గ్రామసభను ఓటర్ల జాబితాలో ఉన్నవారితోనే నిర్వచించింది.

నా అభిప్రాయం అడిగితే, మార్చుకోవాలనే అంటాను. ప్రచారానికి వచ్చేవారు జాబితా చేతపట్టుకుని, పేరున్న ఇంటి గుమ్మం ఎక్కుతారు, లేని ఇంటిని దాటిపోతారు. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో సుమారు 46 శాతం మందే ఓటు వేశారు. మన వీధి డ్రైనేజీ గురించీ, మంచినీటి గురించీ నిర్ణయించేవారిని ఎన్నుకునే పని మిగతావారికి వదిలేసి, ఏళ్ల తరబడి మనం ఉండని ఊరికి సర్పంచిని ఎన్నుకోవడం న్యాయంగా నాకు తోచదు.

రెండో సమాధానం

పై మాట మీ విషయంలో సరైనదే గానీ, ఊరు విడిచిన అందరికీ వర్తించదు. పాలమూరు నుంచి నిర్మాణ పనులకు వెళ్లే కూలీలూ, శ్రీకాకుళం నుంచి గుజరాత్ తీరానికి చేపల వేటకు వెళ్లే మత్స్యకారులూ కొన్ని నెలలకు తిరిగి ఊరు చేరతారు. తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన సాధారణ నివాసం పోదని అదే 20వ సెక్షను అంటోంది. పని ఉన్న చోట వీరికి స్థిరమైన చిరునామా ఉండదు, తపాలా ఓటు సౌకర్యమూ లేదు. దూర ప్రాంతం నుంచే ఓటు వేయడానికి ఒక యంత్రం నమూనాను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుంచింది గానీ, అది అమలులోకి రాలేదు. ఇంటింటి పరిశీలనలో తలుపుకు తాళం ఉందని ఇలాంటివారి పేర్లు కొట్టేస్తే, వారికి ఎక్కడా ఓటు లేకుండా పోతుంది. ఊళ్లో ఉన్నవారు వీరి పక్షాన గట్టిగా మాట్లాడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మార్చుకోవాలనే నిర్ణయించుకున్నాము. మా అద్దె ఒప్పందం రిజిస్టరు చేసినది కాదు. అది అడ్డంకి అవుతుందా?

మూడో సమాధానం

కాదండీ. ప్రస్తుత చిరునామా ఉన్న ఆధార్ గానీ, బ్యాంకు పాసు పుస్తకం గానీ సరిపోతుంది. కొత్త ఓటరుకు ఉద్దేశించిన ఫారం 6 జోలికి వెళ్లకండి; నివాసం మార్పుకు ఫారం 8 ఉంది. అందులో పాత ఓటరు గుర్తింపు కార్డు సంఖ్య రాస్తే, విచారణ తరువాత పేరు ఇక్కడ చేర్చి, అక్కడ తొలగిస్తారు. సంఖ్య మారదు. ఇంట్లో ఓటున్న ప్రతి ఒక్కరూ విడిగా దరఖాస్తు చేయాలి. ఎన్నికల ప్రకటన వెలువడేదాకా ఆగకుండా ఇప్పుడే ఇచ్చేయండి, తుది జాబితాలో పేరు చూసుకోవడం మరువకండి.