సమస్య: «ఆకు తిన్నదమ్మ యా యపర్ణ» (ఆ.వె.)

నిర్వాహకుడు: చిక్కుగా ఉన్న ఈ పాదానికి అర్థం కుదిరేలా మిగతా పద్యం పూరించాలి. ఈసారిది ఆటవెలది అనే తెలుగు పద్యంలో నాలుగో పాదం. పర్ణం అంటే ఆకు. వాటంతట అవి రాలిన ఆకులు తిని బతకడమే తపస్సుకి పరాకాష్ఠ అంటారు. పార్వతి దాన్నీ మానేసింది కనుక అపర్ణ అన్నారని కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో చెప్పాడు. అలాంటావిడ చేత ఆకు తినిపించండి చూద్దాం.

కొత్తకలం:
రాలి పడిన దొకటె రవ్వంత యాహార
మనుచు కొన్ని నాళ్ళు మౌని వోలె
తపము సలిపి, పిదప దానినిన్ విడనాడె;
ఆకు తిన్నదమ్మ యా యపర్ణ.

గణపరీక్ష: గణయతులు (అక్షరాల కొలత, పాదంలో అక్షరాల మైత్రి) కుదిరాయి. ‘దానినిన్’ మాత్రం గణం నింపడానికి వచ్చింది, ‘దానినే’ అంటే బిగువుగా ఉంటుంది. అసలు చిక్కు వేరు. మానేశాకే కదా ఆ పేరు? తినే రోజుల్లో ఆమె అపర్ణ కాదు. సమస్య విడలేదు, వాయిదా పడింది.

కొత్తకలం: ‘దానినే’ తీసుకుంటానండీ. రెండోది ఒప్పుకోను. పేరు తర్వాత వచ్చినా, చిన్నప్పటి సంగతులు ఆ పేరుతోనే చెప్పుకోమా?

చమత్కారి: మీరు తపస్సులోనే ఉండిపోయారు. నేను పెళ్ళి చేసేశాను.
పెండ్లి యైన వేళ ప్రేమతో శివుడిచ్చె
వక్క సున్న మునిచి పండు టాకు;
సిగ్గు పడుచు నోట జేర్చుకొనె నపుడె
ఆకు తిన్నదమ్మ యా యపర్ణ!

గణపరీక్ష: తెలుగులో ఊరికే ‘ఆకు’ అన్నా తమలపాకే, భలే పట్టారు. కానీ పెళ్ళినాడు పండుటాకేమిటండీ? వరుడి వయసు మీద చురకా?

చమత్కారి: పండుటాకే రుచి. చురక మీరు వేసుకున్నదే.

రేఫ:
మేన కూతులందు మేటి దీక్షను బూని
యేకపాటల గొనె నేరి పువ్వు;
ఏకపర్ణ నోము నీ రీతి సాగించె:
ఆకు తిన్న, దమ్మ యా యపర్ణ.
వివరణ: హరివంశం ప్రకారం మేనకు ముగ్గురు కూతుళ్ళు. ఏకపర్ణ ఒక్క ఆకుతో, ఏకపాటల ఒక్క పాటలపుష్పంతో తపస్సు చేశారు. అపర్ణ ఏమీ ముట్టలేదు. తల్లి తట్టుకోలేక ‘ఉ, మా’ (వద్దమ్మా) అంది, అలా ఉమ అనే పేరూ వచ్చింది. ఇక్కడ ‘తిన్నది, అమ్మ యా యపర్ణ’ అని విరిచాను. తిన్నది ఏకపర్ణ, జగదంబ అపర్ణ.

నిర్వాహకుడు: అక్షరం కదపకుండా విరుపుతో తేల్చేశారు. ఈ వారం నా ఓటు దీనికే. ‘నోము’ అడవి తపస్సుకి కాస్త చిన్న మాటే, అయినా సర్దుకుందాం.

చమత్కారి: ఇంకో తమాషా. లలితా సహస్రనామంలో ‘అపర్ణా’కి ముందున్న నామం ‘మహాశనా’, అంటే మహాభోక్త్రి, అన్నీ ఆరగించేది. సమస్య ఇచ్చింది మనం కాదు, అక్కడే ఉంది!

రేఫ: అదే ‘అపర్ణా’ నామానికి, సహస్రనామ వ్యాఖ్యాత భాస్కరరాయలు ‘అప + ఋణ’ అని, అప్పు లేనిది అని కూడా అర్థం చెప్పారు. నేను కోరింది ఇవ్వకుండా బాకీ పెట్టుకుని ఆ పేరెలా మోస్తున్నావమ్మా అని అమ్మవారినే నిలదీశారు.

నిర్వాహకుడు: అయితే వచ్చే వారం సమస్య దొరికింది: «అప్పు పడినదమ్మ యా యపర్ణ». ఛందస్సు అదే. విరుపు ఒక్కటే వాడితే మార్కులు తగ్గుతాయి.