అప్‌డేట్: అమ్మకి చెప్పేశాను, చర్చికీ వెళ్లాను

అమ్మ చిట్టీ డబ్బులు 80 వేలు ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టి, మొహం చెల్లక మూడేళ్లుగా చర్చి మానేశానని, దేవుడు మళ్లీ చేర్చుకుంటాడా అని నెల క్రితం అడిగాను. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం చదవమన్నారు ఒకరు.

సండే స్కూల్లో విన్న తప్పిపోయిన కుమారుడి కథే కదా అనుకున్నా. కానీ ఈసారి ఒకటి కనబడింది. తండ్రి ఇచ్చిన ఆస్తంతా తగలేసి, ‘నన్ను కూలివాడిగా పెట్టుకో’ అని అడగాలనుకుంటూ వస్తాడా అబ్బాయి. తీరా ఇంటికొచ్చాక ఆ మాట నోట్లోనే ఉండిపోతుంది. తండ్రి అప్పటికే మంచి బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. మెట్రోలో ఇది చదువుతూ, సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగాల్సినవాణ్ణి పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లిపోయాను.

ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నా. పాస్టర్ గారు ఏమీ అడగలేదు, "టీ తాగి వెళ్లు బాబూ" అన్నారంతే. అదే నయం, అడిగితే పారిపోయేవాణ్ణి.

లూకాలోనే ఇంకోచోట, పన్నులు వసూలు చేసే జక్కయ్య తను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నాకంత స్తోమత లేదు, అమ్మకి నెలకి 5 వేలు చొప్పున తిరిగిస్తాను. యాప్ తీసేశాను. అమ్మకి చెప్పేశాక తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చెప్పుల స్టాండు మీద నా టిఫిన్ డబ్బా ఉంది, ఇంకా వేడిగా.