కాలువ నీళ్ల వంతులు కంప్యూటర్లకు అప్పజెప్పాల్నా?

ఓరుగల్లు_కోడర్: కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. 40 తూములనే తీసుకుందాం. ఒక్కోటి తెరవాలా, మూయాలా అంటేనే లక్ష కోట్లకు పైగా దారులు. వాన ఎట్ల పడ్తదో తెల్వకపాయె. అందుకే ఒక్కో వాన అంచనాను ఒక్కో యంత్రానికి పంచి, జవాబులను మెల్లగా ఒక్కటి చెయ్యాలె. రాకఫెల్లర్, వెట్స్ అనే గణితవేత్తలు 1991లో చూపిన పద్ధతి ఇదే. వారబందీకి, అంటే వంతులవారీగా నీళ్లు ఇడిచే పద్ధతికి, ఇది పెట్టాలని నా వాదన.

హన్మకొండ_సారు: కంప్యూటర్ శాస్త్రవేత్త అమ్దాల్ 1967లోనే చెప్పాడు. పనిలో 5 శాతం విడదీయరానిదైతే వెయ్యి యంత్రాలు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. సేల్స్‌మన్ చుట్టుతిరుగుడు సమస్య చూడండి, అన్ని ఊళ్లూ ఒక్కసారి తిరిగి వచ్చే అతి పొట్టి దారి వెతకడం. 1954లో 49 ఊళ్లకు తేల్చారు, 2006లో 85,900 బిందువులకు. అంతదూరం తెచ్చింది కటింగ్ ప్లేన్ల గణితం (పనికిరాని జవాబులను కోసి పారేసే అదనపు షరతులు), యంత్రాల సంఖ్య కాదు.

ఓరుగల్లు_కోడర్: ఆ 85,900 కూడా ఒక్క యంత్రం మీద తేలలేదు సార్. 20 రెట్లు తక్కువా? 20 రోజుల లెక్క ఒక్కరోజుల తేలితే నీళ్లు విడిచేలోపు చేతికొస్తది.

హన్మకొండ_సారు: 20 అనేది పైహద్దు, చేతికొచ్చేది కాదు. బ్రాంచ్ అండ్ బౌండ్‌లో, అంటే దారులను కొమ్మలుగా చీల్చి, దొరికిన జవాబు కన్నా మెరుగు కాలేని కొమ్మలను వదిలేసే పద్ధతిలో, ఒక యంత్రానికి మంచి జవాబు దొరికిందన్న కబురు అందేదాకా మిగతావి పనికిరాని కొమ్మలే వెతుకుతుంటాయి. ముందు ఆ 5 శాతం సంగతి చెప్పండి.

మానేరు_గట్టు: డ్యాంల నీళ్లుంటే గదా వంతులు.

చివరి_మడి: మాది ఉపకాలువ చివర. పోయిన యాసంగి కాగితం మీద 8 రోజుల వంతు. మడికి పారింది రెండు దినాలు. పైన కాలువల మోటర్లు ఏసి గుంజుకున్నరు. మీ లెక్కల ఆ మోటర్లున్నయా?

హన్మకొండ_సారు: అది అమలు సమస్య. ఇక్కడి చర్చ వేగం గురించి.

చివరి_మడి: ఎకరంనర పొట్టకొచ్చిన వరి ఎండింది. గది పక్క ముచ్చటనా సారూ? శాతాల కాడ్నే కూసుంటరు, నీళ్లు ఎవనికో అడగరు!

ఓరుగల్లు_కోడర్: అన్నా, కోపం తెచ్చుకోకు. మొత్తం ఆయకట్టు దిగుబడి ఎంత ఎక్కువైతే అంత మంచిదని లెక్క పెట్టిన.

చివరి_మడి: అయితే నీ యంత్రం కాలువ పక్కోళ్లకే ఇయ్యమంటది. మా దాక పారేసరికి సగం ఇంకిపాయె. మమ్ముల ఎండవెడ్తెనే మొత్తం పెరుగుతది.

ఓరుగల్లు_కోడర్: ...నిజమే. అట్లనే ఇచ్చింది. అందరికన్న తక్కువ దొరికే రైతుకు దక్కేదాన్నే పెంచమని కూడా అడగొచ్చు. యంత్రానికి రెండూ ఒక్కటే.

హన్మకొండ_సారు: అప్పుడు మొత్తం ధాన్యం తగ్గుతుంది. తలాపున ఉన్న రైతు ఎందుకు ఒప్పుకోవాలి? అతని తప్పేముంది?

చివరి_మడి: మా తప్పేముందో గది చెప్పుండ్రి ముందు.

ఓరుగల్లు_కోడర్: రెండు లెక్కలూ నడిపి, ఏ తూము కింద ఎవరికి ఎన్ని రోజులో పక్కపక్కన పెడ్త. అన్నా, మీ తూము కాడ నీళ్ల కొలత ఉన్నదా?

చివరి_మడి: లేదు. పైతూము కాడ సుత లేదు.