సమస్యాపూరణం: ‘ఇటుక యొకటి చాలు నిల్లు గట్ట’

నిర్వాహకుడు:
ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి మనకు దేవీ నవరాత్రుల మొదటి రోజు. ఉత్తరాది వర్తక సమాజమైన అగర్వాలులకు అదే రోజు తమ మూలపురుషుడు అగ్రసేన మహారాజు జయంతి. ఆయన రాజధానిగా చెప్పుకొనే అగ్రోహ హర్యానాలో హిసార్ దగ్గర ఉంది. ఆ ఊరికి బతుకు వెతుక్కుంటూ ఎవరు వచ్చినా ఇంటికొక ఇటుక, ఒక రూపాయి ఇచ్చేవారట. ఇటుకలతో ఇల్లు, రూపాయలతో వ్యాపారం. ఈ వారం సమస్య ఆ కథలోంచే తీశాను.

‘ఇటుక యొకటి చాలు నిల్లు గట్ట’

ఇది ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. మూడో పాదం చివర వచ్చే సంధిని బట్టి ‘నిటుక’ అనో ‘యిటుక’ అనో మార్చుకోవచ్చు. ఒక్క ఇటుకతో ఇల్లెలా లేస్తుందో పద్యంలో తేలాలి.

పెన్నాతీరం:
అగ్రసేను వీట నడుగిడు వారికి
నింటి కొక్క యిటుక యిచ్చి రచట
లక్ష గడప లున్న లక్ష్మి నగరమందు
నిటుక యొకటి చాలు నిల్లు గట్ట

లక్ష కుటుంబాలుండేవని కథ చెబుతుంది. ఇంటికొకటి చొప్పున లక్ష ఇటుకలు. మహాలక్ష్మి ఆ వంశానికి వరమిచ్చిన కులదేవత కాబట్టి ‘లక్ష్మి నగరం’ అన్నాను.

నిర్వాహకుడు:
పట్టణంలో అనే అర్థంలో ‘వీట’ అన్న పాత మాట వాడటం నాకు ఎంతో నచ్చింది. ‘లక్ష, లక్ష్మి’ యతి సహజంగా కుదిరింది. అయితే ‘వీట’, ‘అచట’, ‘నగరమందు’ అని ఒకే చోటును మూడుసార్లు చెప్పారు. ‘యిచ్చి రెలమి’ అంటే పునరుక్తి కొంత తగ్గుతుంది, ఇష్టంగా ఇచ్చారన్న అర్థమూ చేరుతుంది.

పెన్నాతీరం:
‘ఎలమి’ తట్టలేదు. అలాగే మార్చుకుంటాను. ధన్యవాదాలు.

మల్లెపందిరి:
నా ఆలోచన అగ్రోహ వైపు కాక పండరిపురం వైపు వెళ్లింది. మన్నించాలి.

పుండరీకు డిటుక పొందుగ విసరంగ
దాని పైన నిలిచె దైవ మపుడు
భక్తి తోడ నీయ బరమాత్మునకు గూడ
నిటుక యొకటి చాలు నిల్లు గట్ట

నిర్వాహకుడు:
మన్నించడం ఎందుకమ్మా! తల్లిదండ్రుల సేవలో ఉండి, వచ్చిన దేవుణ్ణి కాసేపు నిలబడమని ఇటుక విసిరాడు పుండరీకుడు. విఠలుడు దానిమీదనే ఉండిపోయాడు. సమస్యలోని విరోధం ఇక్కడ పూర్తిగా విడిపోయింది. పెన్నాతీరం గారి పద్యంలో నిజానికి లక్ష ఇటుకలున్నాయి, మీ పద్యంలో ఒక్కటే ఉంది.

బేగంబజారు:
నాకు పూరణ కుదరలేదు. కానీ అగ్రసేనుడి పేరెత్తితే ఇటుక కథ ఒక్కటే చెప్పి ఊరుకోవడం నాకు వెలితిగా ఉంది. ఆయన పద్దెనిమిది యజ్ఞాలు తలపెట్టాడని, చివరి యజ్ఞంలో బలికి తెచ్చిన గుర్రం వేదిక దగ్గరకు రానని మొరాయించడం చూసి మనసు కరిగి బలి మాన్పించాడని చెబుతారు. ఆ ఒక్క యజ్ఞం అసంపూర్తిగా మిగిలిందని గోత్రాలను పదిహేడున్నర అని లెక్కపెట్టేవారూ ఉన్నారు. గర్గ్, గోయల్, మిత్తల్, బన్సల్, సింఘల్ అని మనం వినే ఇంటిపేర్లన్నీ ఆ గోత్రాలే. అందుకని సమస్యతో పని లేకుండా ఒక తేటగీతి:

వేది చెంతకు రానని వెనుక దిరుగు
నశ్వమును గాంచి యా నృపు డార్ద్రహృదయు
డగుచు బలి నాపె గులమున కాదిధర్మ
మగు నహింసను బోధించె నగ్రవిభుడు

పాతపుస్తకం:
చక్కని పద్యం. రెండో పాదం నుంచి నాలుగో పాదం దాకా ఎక్కడా ఆగకుండా సాగింది, గుర్రం ఆగిన చోట మాత్రం చదివేవాడూ ఆగుతాడు. ఒక మాట చేరుస్తాను. అగ్రసేనుడు ఐతిహ్య పురుషుడైనా అగ్రోహ ఊహ కాదు. అక్కడి దిబ్బల్లో 1888–89లోను, 1938–39లోను తవ్వకాలు జరిగాయి. అగ్రోహకు పాత పేరైన ‘అగోదక’ ఉన్న నాణేలు దొరికాయి. ఇటుకల కథ చెప్పుకొనే ఊరు ఇటుకల దిబ్బగా మిగిలి ఉండటం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

తొలిఅడుగు:
ఇది నా రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి.

కొత్తవారి చేతి కొక రూక యిచ్చిరి
వారు దాని తోడ బాగుపడగ
తోటివారి చేయి తోడుగా నిలువగ
నిటుక యొకటి చాలు నిల్లు గట్ట

నిర్వాహకుడు:
గణాలన్నీ సరిపోయాయి, అభినందనలు. మొదటి పాదంలో యతి చూడండి. ‘చేతికి + ఒక’ కలిసి ‘చేతి కొక’ అయింది. అక్కడ యతికి లెక్కించవలసింది ‘ఒ’ అన్న అచ్చును, ‘కొ’ను కాదు. దాన్ని ‘కొత్త’తో కలిపితే అఖండయతి అవుతుంది. ఒప్పుకొనేవారు ఉన్నారు కానీ నేర్చుకొనే రోజుల్లో దూరంగా ఉంటే మేలు. ‘కొత్తవారి కొరకు గూర్చిరి రూకలు’ అంటే చిక్కు తీరుతుంది. ‘బాగుపడగ’ చివర నకారం దాగి ఉంది కాబట్టి దాని తరువాత ‘తోటివారి’ని ‘దోటివారి’ అనాలి.

పాతపుస్తకం:
‘రూపాయి’ అనకుండా ‘రూక’ అన్నందుకు నా మెప్పు. రూపాయి పేరుతో వెండి నాణెం నిలదొక్కుకున్నది 16వ శతాబ్దంలో, షేర్‌షా కాలంలో. అగ్రసేనుణ్ణి ద్వాపరయుగం చివరివాడంటారు. కథ చెప్పేవాళ్లు తమ జేబులోని నాణెం పేరే కథలో పెట్టుకున్నారన్నమాట.

తొలిఅడుగు:
సవరించుకున్నాను. ఒక సందేహం. దీన్ని దానం అనవచ్చునా? మొదట ‘దానమిచ్చి’ అని రాసి, ఏదో అడ్డుపడి కొట్టేశాను.

బేగంబజారు:
కొట్టేసి మంచి పని చేశారు. దానమైతే ఒకరి చేయి పైన, ఒకరి చేయి కింద. ఇక్కడ ఒక్క ఇంటివాడే లక్ష ఇటుకలూ ఇచ్చి ఉంటే వచ్చినవాడు జీవితమంతా అతని ముందు తలవంచుకొని ఉండేవాడు. అందరూ ఒక్కొక్కటి ఇవ్వడంతో ఎవరికీ రుణపడలేదు, ఊరికి మాత్రం చెందాడు. తరువాత ఎవరైనా వస్తే అతనూ ఒకటి ఇస్తాడు. నేను దీన్ని వంతు అంటాను.

మల్లెపందిరి:
బేగంబజారు గారి ‘వంతు’ నిన్న రాత్రి నిద్రపోనివ్వలేదు. ఈసారి అగ్రోహకే వచ్చాను. పుచ్చుకున్నవాడు ఇచ్చేవాడైన రోజు ఇది:

అందరొసగ గాదె యందితి నే నిల్లు
నేడు వచ్చె నొకడు నీడ గోరి
నాదు వంతు దీర్ప నా చేతిలో నున్న
యిటుక యొకటి చాలు నిల్లు గట్ట

నిర్వాహకుడు:
అమ్మా, సమస్య ఇచ్చేటప్పుడు నేను ఇల్లు కట్టుకొనేవాడి వైపు నుంచే ఆలోచించాను. ఇచ్చేవాడికి ఒక్క ఇటుక చాలునన్న సంగతి నాకు తోచనే లేదు. లక్ష ఇటుకలను దాచనక్కరలేకుండానే సమస్య తీరింది. యతులన్నీ శుద్ధంగా ఉన్నాయి, సవరించడానికి నాకేమీ మిగల్లేదు. ఈ వారపు మేటి పూరణ ఇదే.

పెన్నాతీరం:
నాది వెనక్కి తీసుకొని మళ్లీ రాయాలనిపిస్తోంది. ఆదివారం దాకా గడువుందిగా?

నిర్వాహకుడు:
ఉంది. రాయండి.