ఫోర్డ్ బాడీలో షెవీ ఇంజిన్, ఒంటి మీద పెంచిన తుప్పు: దీన్ని హాట్ రాడ్ అనొచ్చా?

రోడ్‌స్టర్ రాజు (లాస్ ఏంజిలస్ దగ్గర)

అందరికీ నమస్తే. హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చి కట్టిన పాత కారు అంటారు కదా. ఫాదర్స్ డే వారాంతంలో పొమోనాలో జరిగే రోడ్‌స్టర్ల (గట్టి పైకప్పు లేని రెండు సీట్ల కార్ల) షోకి వెళ్లొచ్చాక ఈ గొడవ బుర్రలోంచి పోవడం లేదు. అక్కడ మూడు బళ్లు చూశాను. మూడూ 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్లే, కనీసం చూడ్డానికి.

మొదటిది ఫైబర్‌గ్లాస్ బాడీ, షెవర్లే (షెవీ) 350 ఇంజిన్, ఆటోమేటిక్ గేరు, ఏసీ. రెండోదానికి ఒళ్లంతా తుప్పు, ఆ తుప్పు మీద క్లియర్ కోటు, తలుపు మీద రేసు నంబరు. ఎక్కడ పరిగెత్తించారని అడిగితే ఓనరు నవ్వి, నంబరు ఉంటే లుక్కు బాగుంటుందని వేయించానన్నాడు. మూడోది అసలు స్టీల్ బాడీ, ఫోర్డ్ పాత ఫ్లాట్‌హెడ్ వీ8 (వాల్వులు బ్లాకులోనే ఉండే ఇంజిన్), దాని మీద మూడు స్ట్రాంబర్గ్ 97 కార్బ్యురేటర్లు. దాన్ని ట్రెయిలర్ మీద తెచ్చారు, ట్రెయిలర్ మీదే తీసుకెళ్లిపోయారు.

వీటిలో అసలైన హాట్ రాడ్ ఏది? నేనూ మా బావమరిదీ కలిసి ఒకటి కట్టాలనుకుంటున్నాం. వాడికి చూడ్డానికి పాతదిలా ఉంటే చాలు. నాకు లోపల కూడా పాతదే కావాలి. చేతిలో డబ్బు మాత్రం అంతంతే. కాస్త తేల్చండి.

ఫ్లాట్‌హెడ్ ఫణి

తేల్చడానికేముంది, మూడోదే. సామాన్యుడు కొనగలిగే ధరలో వీ8 ఇంజిన్‌ని 1932లో ఫోర్డ్ ఇచ్చింది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. ఆ బళ్లు పాతబడి చవకయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మడ్‌గార్డులు ఊడబీకి, మ్యురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరిగెత్తించారు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది ఈ సరదా వల్లే.

ఆ ఇంజిన్ గొంతు కూడా వేరు. ఒక్కో పక్క నాలుగు సిలిండర్లుంటే పొగ బయటికొచ్చే దారులు మూడే. మధ్య రెండు సిలిండర్లూ ఒకే దారిలో ఊదుతాయి. ఆ గరగర షెవీ 350లో ఎక్కడ దొరుకుతుంది? ఇంజిన్ తీసేశాక మిగిలేది గ్రిల్లే. దానికి హాట్ రాడ్ అని పేరెందుకు?

గ్యారేజ్ గోపాల్

ఫణి గారూ, మీరు దణ్ణం పెడుతున్న ఆ కుర్రాళ్లే ఫ్లాట్‌హెడ్‌ని పీకి మూలన పడేశారు. 1949లో ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ కంపెనీలు ఓవర్‌హెడ్ వాల్వు (వాల్వులు పైన హెడ్‌లో ఉండే) వీ8లు తెచ్చాయి. 1951లో క్రైస్లర్ హెమీ, 1955లో షెవీ 265 వచ్చాయి. అవి యాక్సిడెంట్ బళ్లలో దొరకడం మొదలవగానే ఫోర్డుల్లోకి ఎక్కించారు. ఎందుకంటే ఫ్లాట్‌హెడ్‌లో మీరు మెచ్చుకునే ఆ పొగదారి బ్లాకులోంచే, చుట్టూ నీళ్లున్న గదిలోంచే పోతుంది. పొగ వేడంతా నీళ్లకి ఎక్కుతుంది. బండి మరుగుతుంది, వాల్వు సీటు దగ్గర బ్లాకు పగులుతుంది. వేగం కావాల్సినవాడు చరిత్ర చూసి ఇంజిన్ కొనలేదు. అందిన దాన్లో బలమైనది పెట్టుకున్నాడు. ఆ లెక్కన ఫోర్డ్‌లో షెవీ అనేది 70 ఏళ్ల సంప్రదాయం.

ఇంకోటి. మనం ఇప్పుడు లుక్కు అంటున్నదంతా అప్పట్లో పనికోసం చేసిందే. రూఫ్ కోసి కిందికి దింపింది గాలి తగిలే మేర తగ్గాలని. బానెట్‌కి చీలికలు కొట్టింది వేడి పోవాలని. మడ్‌గార్డులు తీసింది బరువు తగ్గాలని. డీన్ మూన్ అమ్మిన గుండ్రటి అల్యూమినియం మూతలు చక్రాలు గాలిని చిలక్కుండా బిగించుకున్నవి. ఇప్పుడు అవే మూతలు పెట్టుకుని కాఫీ షాపు దాకా వెళ్తున్నాం. అందులో తప్పేం లేదు, కాళ్లకి స్పోర్ట్స్ షూ వేసుకున్న ప్రతివాడూ పరిగెత్తడు కదా.

నేను చూసేది ఒక్కటే. బండి మీద కనిపించే వస్తువు తాను చేస్తున్నట్టు చూపించే పని నిజంగా చేస్తోందా లేదా. లోపల రోటర్లు లేని ఖాళీ బ్లోయర్ (ఇంజిన్‌లోకి గాలి తోసే యంత్రం) డొప్ప, పెట్రోలు పైపు కూడా కలపని కార్బ్యురేటర్లు, రేసు చూడని నంబరు, ఇవి నాకు పడవు. ఫైబర్ బాడీతో నాకు పేచీ లేదు. అది బాడీ చేయాల్సిన పని చేస్తోంది. ఆ లెక్కలో మీరు చూసిన మొదటి బండి హాట్ రాడే, రెండోది వేషం.

ఫ్లాట్‌హెడ్ ఫణి

మీ లెక్క బాగానే ఉంది గానీ దానికో చిల్లుంది. ఇప్పుడు స్ట్రాంబర్గ్ ఆకారంలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ దొరుకుతోంది. పైన చూస్తే కార్బ్యురేటర్, లోపల సెన్సార్లు, కంప్యూటర్. గాలి దాన్లోంచే పోతుంది, పెట్రోలూ దాన్లోంచే పడుతుంది. పని చేస్తోంది కదా. మరి ఒప్పుకుంటారా?

గ్యారేజ్ గోపాల్

బాగా ఇరికించారు. నా బండికైతే పెట్టను. పక్కవాడు పెట్టుకుంటే తగువుకి వెళ్లను. "అది కార్బ్యురేటరేనా" అని అడిగినప్పుడు కాదని చెబితే చాలు.

ఆటోనగర్ తమ్ముడు (విజయవాడ)

అన్నయ్యలూ, హాట్ రాడ్ నేను ఫోటోల్లో తప్ప చూడలేదు. రేకు మాత్రం తెలుసు, ఆటోనగర్‌లో మా నాన్నది లారీ బాడీ షెడ్డు. రాజు అన్న చెప్పిన తుప్పు బండి లాంటివి నెట్‌లో చాలా చూశాను. చాలావాటిలో దొంగతనం దూరం నుంచే తెలిసిపోతుంది.

నిజమైన తుప్పు నీళ్లు నిలిచే చోట మొదలవుతుంది. తలుపు అడుగు మడతలో, ఫ్లోరు మూలల్లో, డిక్కీ కింద. లోపల తిని తిని బయటికి పొక్కుతుంది. పైభాగంలో రంగు పోయేది తుప్పు వల్ల కాదు, చేతుల వల్ల. డ్రైవరు మోచేయి ఆనే తలుపు అంచు, బానెట్ పట్టుకుని ఎత్తే చోటు. అక్కడ మధ్యలో రేకు మెరుస్తుంది, దాని చుట్టూ ప్రైమరు, దాని చుట్టూ పాత రంగు పొరలు పొరలుగా కనిపిస్తాయి. దొంగ తుప్పులో రంగంతా గీకేసి వెనిగర్, ఉప్పునీళ్లు కొడతారు. తలుపు మధ్యలోనూ అంచులోనూ ఒకటే ఎరుపు. ఎండ తగిలే పైభాగానికీ బురద తగిలే కిందికీ తేడా ఉండదు.

దాని మీద క్లియర్ కొడితే నిలవదన్నా. తుప్పు పొడిని పట్టుకుని క్లియర్ ఎన్నాళ్లు ఉంటుంది? కింద తేమ చిక్కుకుంటే ఓ వర్షాకాలానికి పెచ్చులు లేస్తుంది. కాలిఫోర్నియాలో వానలు తక్కువ కాబట్టి బతికిపోతున్నారు.

మా దగ్గర ఇంజిన్ మార్చి, చాసిస్ కోసి ఇలాంటి బండి కట్టినా రోడ్డెక్కించడం కష్టం. కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణం మార్చిన బండిని రిజిస్టర్ చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మీ గొడవ చదివి ఆనందిస్తుంటాం.

ఫ్లాట్‌హెడ్ ఫణి

తమ్ముడూ, తుప్పు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు. మరి లప్పం సంగతేంటి? 1950ల మొదట్లో ఈ కస్టమ్ బళ్ల అతుకుల్లో కరిగించిన సీసం నింపి, ఆకురాయితో సాపు చేసేవాళ్లు. ఇప్పుడు అందరూ లప్పమే. నా దృష్టిలో అదీ నకిలీయే.

ఆటోనగర్ తమ్ముడు (విజయవాడ)

సీసమో లప్పమో, రంగు కింద పడ్డాక ఎవరికి కనిపిస్తుంది సార్? సీసం పొడి, పొగ పీల్చినవాడికి మాత్రం తెలుస్తుంది. కింద రేకు సుత్తితో సరిగ్గా లేపారా లేదా అన్నదే చూడాలి. లప్పం పావు అంగుళం మందం ఉందంటే టింకర్ పని ఎగ్గొట్టాడని అర్థం. కొనేటప్పుడు చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలిన చోట లప్పం మందంగా ఉన్నట్టే. ఓనరు ఎదురుగానే చేయండి, మొహం కూడా చూడొచ్చు.

చక్రి (ఒహాయో)

మీరంతా లుక్కుని రెండో భార్యలా చూస్తున్నారు. గోపాల్ అన్నా, "అంతా పనికోసమే" అన్నది మీరు పూర్తిగా నమ్ముతున్నారా? క్రోము పూత పనికోసమా? తెల్ల గోడల టైర్లు, చేత్తో గీసిన సన్న గీతలు పనికోసమా?

1950లో ఓక్లండ్ రోడ్‌స్టర్ షోలో అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్ అని మొదటి ట్రోఫీ ఇచ్చారు. గెలిచింది బిల్ నీకాంప్ 1929 ఫోర్డ్ రోడ్‌స్టర్. ఆ బండే ఎల్ మిరాజ్‌లో గంటకి 140 మైళ్లు దాటింది. అందం ఒకడిది, వేగం ఇంకొకడిది అని వాళ్లు పంచుకోలేదు.

పైగా అసలు స్టీల్ బాడీ అని పట్టుబడితే మామూలు జీతగాడు ఈ పక్కకి రాలేడు. మా ఒహాయోలోనే బ్రూక్‌విల్ వాళ్లు 1932 రోడ్‌స్టర్ బాడీని కొత్త స్టీలుతో తయారు చేసి అమ్ముతారు. ఫణి గారూ, ఆ రేకుకి అయస్కాంతం అతుక్కుంటుంది, కొలతలూ కుదురుతాయి. అది అసలా, నకిలీయా?

ఫ్లాట్‌హెడ్ ఫణి

మంచి నకలు. అసలు కాదు. 1997లో పెబుల్ బీచ్ పాత కార్ల పోటీలో హాట్ రాడ్లకి తొలిసారి విభాగం పెట్టినప్పుడు డోన్ స్పెన్సర్ 1932 రోడ్‌స్టర్ గెలిచింది. ఆ బండి గెలిచింది దాన్ని కట్టిన చేతుల వల్ల, అది తిరిగిన రోడ్ల వల్ల. కొత్త రేకుతో అచ్చం అలాంటిదే దింపితే పక్కన నిలబెట్టగలరా?

చక్రి (ఒహాయో)

నిలబెట్టక్కర్లేదు. ఎక్కి తిరుగుతా. మీ అసలు బండిని ట్రెయిలర్ దించడానికి కూడా భయపడుతున్నారు కదా, ఇంక ఆ ఇంజిన్ గొంతు వినేదెవరు?

కమలిని (సాక్రమెంటో)

అభిరుచి సంగతి మీరూ మీరూ చూసుకోండి. రాజు గారికి పనికొచ్చేది చెప్తాను. నకిలీ అన్న మాటకి చట్టం దగ్గర ఒక అర్థం ఉంది, అది మీ బండి కాగితాల్లో ఉంటుంది. నిరుడు అచ్చు పోసిన ఫైబర్ బాడీకి ఎక్కడిదో పాత 1932 టైటిల్ (బండి యాజమాన్య పత్రం) తగిలించి అమ్మేవాళ్లున్నారు. అలాంటిది కొంటే నంబర్లు చెక్ చేసిన రోజు బండే పోవచ్చు.

కొత్తగా కట్టిన బండికి కాలిఫోర్నియాలో సరైన దారి ఉంది. స్పెషల్ కన్‌స్ట్రక్షన్ కింద రిజిస్టర్ చేయించుకోవాలి. ఏడాదికి మొదటి 500 బళ్లకి, అవి ఏ ఏడాది మోడల్‌ని పోలి ఉన్నాయో ఆ ఏడాది ప్రకారం పొగ నిబంధనలు వర్తింపజేస్తారు. జనవరిలోనే క్యూలో ఉండాలి. చాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్ కొన్న ప్రతి రసీదూ ఫైల్లో దాచండి. కొన్నవాడి పేరు మీ బావమరిదిది, కట్టినవాడి పేరు మీది అయితే ముందే సరిచేసుకోండి.

రోడ్‌స్టర్ రాజు (లాస్ ఏంజిలస్ దగ్గర)

కమలిని గారూ, థాంక్స్ అండీ, ఇది తెలియకుండా ఒక పాత టైటిల్ బేరం దాకా వెళ్లాం. కొత్త స్టీల్ బాడీ, షెవీ ఇంజిన్ దగ్గర మావాడితో రాజీ కుదిరేలా ఉంది. ఇప్పుడు గొడవ కింద భాగం మీద. ముందు పాతకాలం ఐ-బీమ్ యాక్సిలు (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దిమ్మ) నాకిష్టం. మస్టాంగ్ 2 కారు సస్పెన్షన్ (ఏ చక్రం ఆ చక్రంగా కదిలేది), డిస్క్ బ్రేకులు వాడికిష్టం. రోడ్‌స్టర్‌లో ఇది మొత్తం బయటికే కనిపిస్తుంది కదా.

గ్యారేజ్ గోపాల్

మడ్‌గార్డులు లేని బండికి మస్టాంగ్ 2 ముందు భాగం పెడితే చూడ్డానికి అస్సలు బాగోదు. ఇక్కడ మాత్రం నేను లుక్కు పక్షమే. ఐ-బీమ్ పెట్టండి. కానీ 1932 నాటి, కడ్డీలతో లాగే రాడ్ బ్రేకులు ఉంచాలని మాత్రం అనుకోవద్దు. 1939లో ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చింది. అప్పటి కుర్రాళ్లు వాటిని పాత బళ్లకి మార్చుకున్నారు కాబట్టి ఫణి గారు కూడా ఏమీ అనలేరు. షెవీ బలానికి అవీ చాలవనిపిస్తే, పాత డ్రమ్ములా కనిపించే మూతల వెనక డిస్కులు దాచే కిట్లు దొరుకుతాయి.

ఫ్లాట్‌హెడ్ ఫణి

డ్రమ్ము మూత వెనక డిస్కా! పొద్దున్న ఖాళీ బ్లోయర్ డొప్ప మీద విరుచుకుపడింది మీరేనా?

గ్యారేజ్ గోపాల్

డొప్ప వెనక బ్రేకు పడుతోంది సార్. ఖాళీగా లేదు.

ఫ్లాట్‌హెడ్ ఫణి

సరే, బ్రేకుల దగ్గర వాదించను, ముందు బండి ఆగాలి. టైర్ల దగ్గర మాత్రం తగ్గను. ఇప్పటి రేడియల్ టైర్లు వేస్తే ఆ బండికి నిలుచునే తీరే పోతుంది. రాజు గారూ, పాతకాలం బయస్-ప్లై టైర్లు వేయండి. రోడ్డు మీది గాడుల వెంట బండి కాస్త లాగుతుంది, స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి. అలా అని ఊరికే టైర్లని తిట్టకండి. యాక్సిలు పాతది కొంటున్నారు కాబట్టి కింగ్‌పిన్లు (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్నులు) లూజు ఉన్నాయేమో ముందు చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది.